పిల్లాపాపలతో సొంతూరి ప్రయాణం – బంధుత్వపు పాఠాలు

రంజాన్, బక్రీద్ పండుగలు, వేసవి సెలవులు, ఇంట్లో పెళ్ళిళ్ళు వచ్చాయంటే చాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు కిటకిటలాడుతాయి. ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫ్ దేశాల్లో ఉంటున్నవారు పిల్లాపాపలతో కర్నూలుకో, కడపకో, గుంటూరుకో, నల్గొండకో బయలుదేరుతారు. ఏడాదికోసారి, ఒక్కోసారి నాలుగైదేళ్ళకోసారి దాదీ ఇంట్లోనో, నానీ ఇంట్లోనో కుటుంబమంతా ఒకచోట చేరుతుంది. చాచాలు, ఫూఫీలు, మామూలు, ఖాలాలు, వారి పిల్లలు కలిసి ఒక్క ఇంట్లో పాతికముప్పై మంది!

ఈ ప్రయాణం కోసం మనం ఎంతో శ్రమపడతాం. రెండు నెలల ముందే టికెట్లు తీసుకుంటాం. బట్టలు కుట్టిస్తాం. కానుకలు కొంటాం. పసిపిల్లల పాలడబ్బాలు, మందులు, బట్టలు సర్దడానికే రెండు రోజులు పడుతుంది. అయితే ఒక్క ప్రశ్న మాత్రం వేసుకోము: నాలుగు రోజుల తర్వాత తిరిగి వచ్చేటప్పుడు మన పిల్లలు తమ మనసుల్లో ఏం మోసుకొస్తారు? బంధువుల పట్ల ప్రేమనా, లేక పెద్దల నోట విన్న చాడీలనా? ఈ వ్యాసంలో ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

సంకల్పం సరిచేసుకుందాం

కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయని మహాప్రవక్త (స) బోధించారు. ఒకే రైల్లో, ఒకే పెట్టెలో కూర్చుని ఒకే ఊరికి వెళ్ళే ఇద్దరిలో ఒకరి ప్రయాణం ఆరాధన కావచ్చు, మరొకరిది ఉత్త అలసటే కావచ్చు. తేడా సంకల్పంలోనే ఉంది. కొత్త నగలు, కొత్త కారు చూపించుకోవడానికి వెళ్ళేవారికి ఆ చూపే ప్రతిఫలం. అల్లాహ్ ఆదేశాన్ని పాటిస్తూ రక్తసంబంధాలను కలుపుకోవాలని వెళ్ళేవారికి ప్రతి అడుగూ పుణ్యమే.

దివ్యఖుర్ఆన్‌లో 'నిసా' సూరా తొలి ఆయతులోనే అల్లాహ్ తన పట్ల భయభక్తులతో మెలగమని ఆదేశించి, ఆ వెంటనే బంధుత్వాల విషయంలో జాగ్రత్తగా ఉండమని హెచ్చరించాడు. ఈ రెంటినీ ఒకేచోట చెప్పడంలోనే విషయం ఎంత గొప్పదో తెలుస్తోంది. తమ ఉపాధి విస్తృతం కావాలని, ఆయుష్షు పెరగాలని కోరుకునేవారు బంధుత్వాలను కలుపుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. బంధుత్వాలను తెంచుకునేవాడు స్వర్గంలో ప్రవేశించడని హజ్రత్ జుబైర్ బిన్ ముత్ఇమ్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. ఈ రెండు హదీసులూ బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి.

కనుక బయలుదేరే ముందు రోజు రాత్రి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, మనం ఎందుకు వెళ్తున్నామో నాలుగు మాటల్లో చెప్పాలి. 'దాదీని చూస్తే అల్లాహ్ సంతోషిస్తాడు. అందుకే వెళ్తున్నాం' అంటే అయిదేళ్ళ పిల్లవాడికీ అర్థమవుతుంది.

బయలుదేరే ముందు

బంధుత్వాలను కలుపుకోవడానికి అవసరమైనంత మేర తమ వంశసంబంధాలను తెలుసుకోవాలని మహాప్రవక్త (స) చెప్పినట్లు తిర్మిజీలో ఉంది. నేటి పిల్లలకు క్రికెట్ ఆటగాళ్ళ పేర్లన్నీ నోటికి వచ్చు. తమ తాత అన్నదమ్ములెందరు, మేనత్త ఏ ఊళ్ళో ఉంటుంది అంటే మాత్రం తెల్లముఖం వేస్తారు. తప్పు వారిది కాదు, మనం చెప్పలేదు. ప్రయాణానికి వారం ముందు ఒక కాగితం తీసుకుని పైన దాదా, దాదీల పేర్లు, కింద వారి సంతానం, ఆ కింద మనుమలు, మనుమరాళ్ళ పేర్లు రాయించండి. పాత ఫోటోలుంటే చూపించండి. ఎవరిని ఏ వరసతో పిలవాలో నేర్పండి. ముక్కూముఖం తెలియని జనం మధ్యకు ఒక్కసారిగా వెళ్ళే పిల్లవాడు బెదిరిపోయి తల్లి చున్నీ వదలడు. పేర్లు తెలిసిన పిల్లవాడు తానే వెళ్ళి సలాం చేస్తాడు.

రెండో సంగతి కానుకలు. ఒకరికొకరు కానుకలు ఇచ్చిపుచ్చుకుంటే ప్రేమ పెరుగుతుందని ప్రవక్త (స) ఉపదేశం. అయితే అప్పు చేసి కానుకలు కొనమని ధర్మం ఎక్కడా చెప్పలేదు. ముప్పై మందికి బట్టలు పెట్టే స్తోమత లేదని ప్రయాణమే మానుకునే కుటుంబాలున్నాయి. ఇది షైతాన్ వేసే వల. బంధుత్వం సలాంతో కలుస్తుంది, పరామర్శతో కలుస్తుంది, ఒక పావుకిలో ఖర్జూరంతోనూ కలుస్తుంది. కలిగినవారు మాత్రం బంధువుల్లో పేదవారిని ముందు గుర్తుపెట్టుకోవాలి. పేదవారికిస్తే ఒక్క దానమే. పేద బంధువుకిస్తే అది దానమూ, బంధుత్వ పోషణా కలిసి రెండు పుణ్యాలని తిర్మిజీ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది. తల్లిదండ్రులకు, సంతానానికి జకాతు ఇవ్వకూడదు. వారిని పోషించడం మన బాధ్యత. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్తలు, మేనమామల్లో జకాతుకు అర్హులుంటే వారికి ఇవ్వవచ్చు. అది జకాతు అని వారి ముఖం మీద చెప్పి చిన్నబుచ్చవలసిన పని లేదు.

మూడో సంగతి భర్తలకు సంబంధించింది. 'నాకు సెలవు దొరకలేదు, నువ్వు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపో' అని భార్యను రైలెక్కించి చేతులు దులుపుకునేవారున్నారు. ఒక సహచరుడు తన పేరు ఫలానా యుద్ధానికి నమోదయిందని, అదే సమయంలో తన భార్య హజ్‌కు బయలుదేరిందని చెప్పినప్పుడు, మహాప్రవక్త (స) అతణ్ణి వెళ్ళి భార్యతో కలిసి హజ్ చేయమన్నారు. యుద్ధానికి వెళ్ళవలసిన మనిషినే భార్యకు తోడుగా పంపారంటే, చంకలో ఒకరిని, చేతిలో ఒకరిని పట్టుకున్న తల్లికి మహ్రమ్ తోడు ఎంత అవసరమో ఆలోచించండి. భర్తకు నిజంగా వీలుకానప్పుడు ఆమె తండ్రో, అన్నదమ్ముడో తోడు వెళ్ళే ఏర్పాటు చేయాలి.

టికెట్టు దగ్గర మొదటి పరీక్ష

ప్రయాణంలో పిల్లలు నేర్చుకునే మొదటి పాఠం టికెట్టు దగ్గరే ఎదురవుతుంది. మన రైళ్ళలో 5 ఏళ్ళు నిండని పిల్లలకు విడిగా బెర్తు తీసుకోకపోతే టికెట్టు అక్కర్లేదు. 5 నిండి 12 నిండనివారికి రిజర్వేషన్ పెట్టెలో విడిగా బెర్తు కావాలంటే 2016 నుండి పూర్తి ఛార్జీ చెల్లించాలి, బెర్తు వద్దనుకుంటే సగం ఛార్జీ. నియమం ఇది. మనలో కొందరు చేసేది ఏమిటి? ఆరేళ్ళ పిల్లవాడికి 'ఎవరైనా అడిగితే నాలుగేళ్ళని చెప్పు' అని నేర్పుతారు. మరికొందరు టి.టి.ఇ. వచ్చేసరికి దుప్పటి కప్పి పడుకోబెడతారు.

కొన్ని వందల రూపాయలు మిగులుతాయేమో! కానీ బంధుత్వం అనే పుణ్యకార్యానికి వెళ్తూ, ఆ దారిలోనే పిల్లవాడికి అబద్ధం నేర్పుతున్నామని గ్రహించాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) తన బాల్యంలో జరిగిన ఒక సంఘటన చెప్పారు. ప్రవక్త (స) వారి ఇంట్లో ఉన్న సమయంలో తల్లి ఆయనను, ఇటు రా, ఒకటి ఇస్తానని పిలిచారు. ఏం ఇవ్వాలనుకున్నావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె బదులిచ్చారు. ఏమీ ఇవ్వకుండా ఉత్తినే పిలిచి ఉంటే నీ పేరున ఒక అబద్ధం రాయబడేదని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇది అబూదావూద్ గ్రంథంలోని హదీసు. పిల్లవాణ్ణి పిలవడానికి ఆడే చిన్న అబద్ధమే అబద్ధంగా లెక్కకు వస్తే, పిల్లవాడి చేతనే చెప్పించే అబద్ధం సంగతేమిటి? 'అల్లరి చేస్తే పోలీసు పట్టుకుపోతాడు', 'దిగగానే బొమ్మ కొనిపెడతా' అనే మాటలు కూడా ఈ కోవలోకే వస్తాయి. కొనే ఉద్దేశం ఉంటేనే మాటివ్వండి. ఇచ్చిన మాట మరువకండి.

దారిలో నమాజు

ప్రయాణంలో నమాజును తగ్గించి చేసుకునే సౌలభ్యం అల్లాహ్ ప్రసాదించాడు. 'నిసా' సూరా 101వ ఆయతులో దీని ప్రస్తావన ఉంది. దీన్నే 'ఖస్ర్' అంటారు. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీ విధానాన్ని పాటిస్తారు గనుక, దాని ప్రకారం ముఖ్యమైన విషయాలు చూద్దాం.

1. సుమారు 78 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం వెళ్ళాలని బయలుదేరి, తమ ఊరి ఇళ్ళు దాటిన వ్యక్తి 'ముసాఫిర్' అవుతాడు. హైదరాబాదు నుండి కర్నూలుకు 200 కిలోమీటర్లకు పైనే ఉంది గనుక ఈ ప్రయాణంలో ఖస్ర్ చేయాలి.

2. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగు రకాతులకు బదులు రెండు చేయాలి. ఫజ్ర్ రెండు, మగ్రిబ్ మూడు, విత్ర్ మూడు రకాతులు. వీటిలో మార్పు లేదు.

3. చేరిన ఊళ్ళో 15 రోజులు, అంతకు మించి ఉండాలనే సంకల్పం ఉంటే పూర్తి నమాజు చేయాలి. అంతకంటే తక్కువ రోజులైతే ఖస్ర్ చేయాలి. ఇతర ఇమాముల వద్ద ఈ గడువు ఇంతకంటే తక్కువ.

4. స్థానిక ఇమాము వెనుక జమాఅత్‌తో చేస్తే ఆయనతో పాటు నాలుగు రకాతులూ పూర్తిచేయాలి.

5. రైల్లో నిలబడి చేయగలిగినవారు ఫర్జ్ నమాజు నిలబడే చేయాలి. ఖిబ్లా దిశ చూసుకుని మొదలుపెట్టాలి. రైలు మలుపు తిరిగిందని తెలిస్తే నమాజులోనే ఖిబ్లా వైపు తిరగాలి.

చాలామందిని తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది. 'పుట్టిన ఊరికి వెళ్తే మనం ముసాఫిర్లమెలా అవుతాం?' హనఫీ ధర్మవేత్తల వివరణ ఇది: పుట్టిన ఊరిని శాశ్వతంగా వదిలి, తిరిగి వెళ్ళి నివసించే ఉద్దేశం లేకుండా మరో ఊళ్ళో భార్యాపిల్లలతో స్థిరపడినవారికి ఆ పాత ఊరు ఇక స్వస్థలం కాదు. అక్కడ 15 రోజులకు తక్కువ ఉంటే ఖస్ర్ చేయాలి. ఉద్యోగం కోసం వేరేచోట ఉంటున్నా సొంతూరే తన ఊరని భావిస్తూ, ఎప్పటికైనా అక్కడికే చేరాలనుకునేవారు అక్కడ అడుగుపెట్టగానే పూర్తి నమాజు చేయాలి. పెళ్ళయి అత్తవారి ఊళ్ళో స్థిరపడిన ఆడపడుచుకు, దూరంలో ఉన్న పుట్టిల్లు కూడా ఈ నియమంలోకే వస్తుంది. ఒక్కో కుటుంబం పరిస్థితి ఒక్కోలా ఉంటుంది గనుక తమ సంగతి దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

పసిపిల్లల తల్లులకు నమాజు వేళ దొరకడం నిజంగానే కష్టం. ప్రయాణంలో జుహ్ర్, అస్ర్‌లను కలిపి, మగ్రిబ్, ఇషాలను కలిపి చేసుకోవడానికి ఇతర ఇమాములు అనుమతించారు. హనఫీ విధానం పాటించేవారు జుహ్ర్‌ను చివరి వేళలో, అస్ర్‌ను తొలి వేళలో చేసుకుంటే ఒకే వుజూతో రెండూ పూర్తవుతాయి. ఆ కాసేపు పిల్లల్ని భర్త ఎత్తుకోవాలి. తాను చేసేటప్పుడు భార్య ఎత్తుకుంటుంది. వాహనం ఎక్కగానే 'జుఖ్రుఫ్' సూరా 13, 14 ఆయతుల్లోని ప్రయాణ దుఆను పిల్లల చేత బిగ్గరగా చెప్పించండి. ప్రయాణికుని దుఆ తిరస్కరించబడదని హదీసు ఉంది. సెల్‌ఫోనులో ఆటలు చూపించి పిల్లల్ని ఊరుకోబెట్టే మనం, ఈ విలువైన వేళలో 'దాదీ ఆరోగ్యం కోసం దుఆ చెయ్యి' అని ఒక్కసారి చెప్పి చూడండి.

పసివారి ఏడుపు – పెద్దల ఓర్పు

ప్రయాణం ఒక యాతన వంటిదని, అది మనిషి తిండినీ నిద్రనూ ఆటంకపరుస్తుందని, పని ముగియగానే త్వరగా ఇంటివారి వద్దకు చేరుకోవాలని మహాప్రవక్త (స) చెప్పారు. పెద్దవారికే యాతన అయినప్పుడు, చెమట, ఆకలి, నిద్రలేమి పసివారిని ఎంతగా బాధిస్తాయి! వారు ఏడిస్తే అది మొండితనం కాదు. ఆ బాధ చెప్పుకోవడానికి వారికున్న భాష అదొక్కటే.

పిల్లల ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని ప్రవక్త (స) నమాజునే క్లుప్తంగా ముగించేవారు. తమ మనుమరాలు హజ్రత్ ఉమామా (రజి)ను భుజాన ఎత్తుకునే నమాజు చేయించారు. ప్రయాణం నుండి తిరిగి వచ్చినప్పుడు ఆయనకు ఎదురెళ్ళేవారిలో కుటుంబంలోని పిల్లలుండేవారు. ఒకసారి అలా ఎదురెళ్ళిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)ను తమ ముందు కూర్చోబెట్టుకున్నారు. తర్వాత హజ్రత్ ఫాతిమా (రజి) కుమారుల్లో ఒకరు వస్తే వెనుక కూర్చోబెట్టుకున్నారు. ముగ్గురూ ఒకే వాహనం మీద మదీనాలో ప్రవేశించారు. ఇది ముస్లిం గ్రంథంలోని హదీసు. ఎంతో దూరం నుండి అలసి వచ్చిన మనిషి, ఒక సమాజానికి నాయకుడు, మొట్టమొదట అక్కున చేర్చుకున్నది పిల్లల్ని! పిల్లవాడు ఏడుస్తున్నాడని పెట్టెలో అందరి ముందూ భార్యను కసురుకునే తండ్రి ఈ దృశ్యాన్ని ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

పెద్దింట్లో అడుగుపెట్టాక

చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి తలుపు తట్టకూడదు. ఏ బండికి వస్తున్నారో, ఎందరు వస్తున్నారో ముందుగా తెలపాలి. ఇంట్లోకి రాగానే పిల్లల చేత సలాం చెప్పించాలి. ముందుగా వృద్ధుల వద్దకు తీసుకువెళ్ళాలి. చిన్నవారిని కరుణించనివాడు, పెద్దవారిని గౌరవించనివాడు మనవాడు కాడని ప్రవక్త (స) అన్నారు. తాతముత్తాతల మంచం దగ్గర అరగంట కూర్చోకుండా, వచ్చిన దగ్గర నుండీ టీవీ ముందో, ఫోను పట్టుకునో కూర్చుంటే ఇంత దూరం వచ్చి లాభమేమిటి?

పాతికమంది ఒకే ఇంట్లో ఉన్నప్పుడు హద్దులు మరింత అవసరం. 'నూర్' సూరా 58వ ఆయతు ప్రకారం ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తర్వాత - ఈ మూడు వేళల్లో చిన్నపిల్లలు కూడా పెద్దల గదిలోకి అనుమతి అడిగే వెళ్ళాలి. పదేళ్ళు వచ్చిన పిల్లల పడకలు వేరుచేయాలని హదీసు ఆదేశం. 'అందరూ పిల్లలే కదా' అని ఒకే గదిలో అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ వరసగా పడుకోబెట్టి తలుపు వేసేయడం తగదు. అమ్మాయిలు నానీ దగ్గరో, ఖాలా దగ్గరో పడుకునేలా చూడాలి. పిల్లలు ఎవరి వద్దకైనా వెళ్ళడానికి భయపడుతుంటే, బలవంతం చేయకుండా కారణం తెలుసుకోవాలి. చీకటి పడే వేళ పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవాలని ప్రవక్త (స) సూచించారు. పిట్టగోడ లేని మిద్దెలు, మూత లేని నీళ్ళ సంపులు, బావులు ఉన్నచోట ఈ జాగ్రత్త పగలు కూడా పాటించవలసిందే. 'అందరూ ఉన్నారు కదా' అనుకునే చోటనే ఎవరూ చూడరు.

వంటింటి సంగతి కూడా ధర్మానికి సంబంధించిందే. అతిథిగా వచ్చినవారు ఇంటివారికి ఇబ్బంది కలిగేంత కాలం ఉండిపోకూడదని, ఆతిథ్యం మూడు రోజులని ప్రవక్త (స) తెలిపారు. ఆడపడుచులంతా ముందుగదిలో కబుర్లు చెప్పుకుంటుంటే, ఆ ఇంటి కోడలు ఒక్కతే తెల్లవారుజాము నుండి రాత్రి దాకా పొయ్యి దగ్గరే ఉంటే, ఆమెకు ఈ పండుగ ఏం మిగిల్చినట్టు? ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మగవారు నీళ్ళు మోయవచ్చు, దస్తర్‌ఖాన్ పరచవచ్చు, గిన్నెలు కడగవచ్చు. పిల్లలు పళ్ళాలు అందించవచ్చు. బిస్మిల్లాహ్ అని, కుడిచేత్తో, తమ ముందున్న దానినుండి తినాలని ప్రవక్త (స) బాలుడైన హజ్రత్ ఉమర్ బిన్ అబీసలమా (రజి)కు భోజనం వద్దనే నేర్పారు. మన పిల్లలకు నేర్పడానికీ అంతకంటే మంచి చోటు లేదు.

ఇక పోలికలు! 'మా వాడికి ఫస్ట్ ర్యాంకు, మీ వాడికెంత?', 'పిల్ల నల్లబడిందేమిటి?', 'ఇంకా మాటలు రాలేదా?' ఇలాంటి మాటలు నవ్వుతూనే అంటాం. అవి పిల్లవాడి గుండెలో ముల్లులా ఉండిపోతాయి. వచ్చే ఏడు రమ్మంటే 'నేను రాను' అంటాడు. 'హుజురాత్' సూరా 11, 12 ఆయతుల్లో అల్లాహ్ ఎగతాళిని, మారుపేర్లతో పిలవడాన్ని, పరోక్షనిందను నిషేధించాడు. ఈదీ డబ్బులు, కానుకలు ఇచ్చేటప్పుడు కూడా ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే భావన రాకుండా చూడాలి. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి)కు తండ్రి ఒక కానుక ఇచ్చి, ప్రవక్త (స)ను సాక్షిగా ఉండమని కోరితే, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదని తెలిసి, సాక్ష్యానికి నిరాకరించారు.

మాటల్లేని ఆ ఒక్క ఇల్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దాదాపు ప్రతి వంశంలోనూ పిలుపు వెళ్ళని ఇల్లు ఒకటుంటుంది. వీధి చివరే చిన్నచాచా ఇల్లు. పదేళ్ళుగా మాటల్లేవు. పండుగ నాడు అందరి ఇళ్ళకూ వెళ్తాం, ఆ గుమ్మం ముందుకొచ్చేసరికి అడుగులు వేగం పుంజుకుంటాయి. 'వాళ్ళెవరు అమ్మీ?' అని పిల్లవాడు అడిగితే 'మనవాళ్ళు కాదు, పద' అంటాం. పిల్లవాడు ఆ పాఠం ఎప్పటికీ మరచిపోడు. రేపు తన తమ్ముడి గుమ్మం ముందు వాడూ అలాగే నడుస్తాడు.

తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానుకోవడం విశ్వాసికి ధర్మసమ్మతం కాదని, ఇద్దరిలో ముందుగా సలాం చేసినవాడే శ్రేష్ఠుడని ప్రవక్త (స) స్పష్టం చేశారు. 'వాళ్ళు వస్తే మేమూ వెళ్తాం' అనే వాదన మనకు మామూలే. మంచికి బదులు మంచి చేసేవాడు నిజానికి బంధుత్వాన్ని కలిపేవాడు కాడని, తెంచుకున్నవారితో కలుపుకునేవాడే అసలైన బంధుత్వ పోషకుడని బుఖారీ హదీసు చెబుతోంది. తాను కలుపుకుంటున్నా తన బంధువులు తెంచుకుంటున్నారని, తాను మేలు చేస్తున్నా వారు కీడు చేస్తున్నారని ఒక వ్యక్తి మొరపెట్టుకున్నాడు. అతను అదే వైఖరి మీద నిలిచి ఉన్నంతకాలం అల్లాహ్ తరఫున అతనికి ఒక సహాయకుడు తోడుంటాడని ప్రవక్త (స) ధైర్యం చెప్పారు.

ఇలాంటి పగల వెనుక తరచుగా ఆస్తి తగాదా ఉంటుంది. ముఖ్యంగా ఆడపడుచుల వాటా. తండ్రి పోయాక అన్నదమ్ములు ఇల్లూ, పొలమూ పంచుకుంటారు. 'పెళ్ళికి కట్నం ఇచ్చాం, పండుగలకు చీరలు పెడుతున్నాం' అంటూ అక్కచెల్లెళ్ళ నోరు మూయిస్తారు. అల్లాహ్ 'నిసా' సూరా 7, 11 ఆయతుల్లో ఆడవారి వాటాను తానే నిర్ణయించాడు. కట్నం వల్ల అది రద్దు కాదు. చీరతో అది తీరదు. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయన్న హెచ్చరిక అన్న ఆక్రమించినా వర్తిస్తుంది, పరాయివాడు ఆక్రమించినా వర్తిస్తుంది. ఆమె తన వాటా చేతికొచ్చాక, ఏ ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగా ఇచ్చేస్తే అది వేరే సంగతి. పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయనే భయంతో 'నాకేమీ వద్దులే' అనడం ఇష్టం కాదు.

వారసులంతా ఒకచోట ఉండే రోజులు ఇవే. కనుక ఈ అవకాశాన్ని వదలకూడదు. అయితే భోజనాల వేళ, పిల్లల ముందు, పదిమందిలో కేకలు వేసుకుంటే ఉన్న బంధం కూడా తెగుతుంది. ముందుగా సలాంతో మొదలుపెట్టండి. పండుగ నాడు ఖుర్బానీ మాంసంలో ఆ ఇంటి వాటా తీసి, పెద్దవారే స్వయంగా తీసుకువెళ్ళండి. పిల్లల్ని వెంట తీసుకువెళ్ళి వరస చెప్పి సలాం చేయించండి. పెద్దల తగాదాలో పిల్లల్ని రాయబారులను చేసి మాటలు మోయించవద్దు. తర్వాత మరో రోజు, వీలు చూసుకుని, పెద్దలు, ఒక ఆలిమ్ సమక్షంలో, కాగితాలు ముందు పెట్టుకుని ప్రశాంతంగా లెక్క తేల్చుకోండి. విడిపోయినవారి మధ్య సంధి కుదర్చడం ఐచ్ఛిక ఉపవాసం, నమాజు, దానధర్మాల స్థాయికంటే ఉత్తమమని హజ్రత్ అబూదర్దా (రజి) ఉల్లేఖనం సూచిస్తోంది. తలుపు తెరవకపోతే? సలాం చేసినవాని పుణ్యం అతనికి రాయబడే ఉంటుంది. వచ్చే పండుగకు మళ్ళీ వెళ్ళండి.

తిరిగి వచ్చాక

వచ్చేముందు వృద్ధుల వద్ద కాసేపు కూర్చుని, వారి దుఆలు తీసుకుని, ఏ మందులు వాడుతున్నారో, ఏ అవసరం ఉందో కనుక్కుని రండి. ప్రవక్త (స) ప్రయాణం నుండి రాగానే ముందు మస్జిదుకు వెళ్ళి రెండు రకాతుల నమాజు చేసేవారు. ఆ సున్నతును ఆచరించండి. ఇక ముఖ్యమైనది: బంధుత్వం నాలుగు రోజుల పండుగ కాదు. వారానికోసారి పిల్లల చేత దాదీకి, ఫూఫీకి ఫోను చేయించండి. బయలుదేరే ముందు రాసిన ఆ పేర్ల కాగితాన్ని గోడకు అంటించి, రోజుకో పేరు చదివి దుఆ చేయించండి. మాటల్లేని ఆ ఇంటివారి పేర్లు కూడా ఆ కాగితంలో ఉండాలి.

ఇంట్లో కలిసి ఆలోచించండి

1. మన పిల్లలకు తమ చాచాలు, ఫూఫీలు, మామూలు, ఖాలాల పేర్లు ఎన్ని తెలుసు?

2. గత ప్రయాణంలో పిల్లల చేత మనం ఏదైనా అబద్ధం చెప్పించామా?

3. పెద్దింట్లో మనం ఉన్న రోజుల్లో వంటింటి బరువు ఎవరి మీద పడుతోంది?

4. మన వంశంలో మాటల్లేని ఇల్లు ఏది? ముందుగా సలాం ఎవరు చేస్తారు?

5. మన ఇంట్లో ఏ ఆడపడుచు వాటా అయినా మన వద్ద ఉండిపోయిందా?

అల్లాహ్ మన ప్రయాణాలను శుభప్రదం చేయుగాక! మన తల్లిదండ్రులను కరుణించుగాక! మన హృదయాలను కలిపి, మన తర్వాత మన పిల్లలు ఒకరి గుమ్మం ముందు ఒకరు ఆగి ప్రేమగా సలాం చేసుకునేవారిగా ఉండే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.